బిడ్డ కోసం ఒక మనిషి

ఈ వారం మా మేనకోడలు ప్రభుత్వాసుపత్రిలో ఆడపిల్లను కన్నది. బరువెంతో చెప్పకముందే అక్క అంది: "పుట్టగానే తుడిచి తల్లి రొమ్ము మీదే పడుకోబెట్టార్రా తమ్ముడూ. బొడ్డు కూడా వెంటనే కొయ్యలేదు." ఆ పూటంతా నాకు సంతోషంగానే ఉంది.

బొడ్డు కోయడానికి కనీసం ఒక నిమిషం ఆగమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఆలోగా మావిలోని రక్తం బిడ్డకు చేరుతుంది. ఆ రక్తంలోని ఇనుము నెలల తరబడి పనికొస్తుంది. మా అమ్మమ్మ ఊరి మంత్రసానికి ఈ లెక్కలు తెలియవు గానీ, మావి పడేదాకా బొడ్డు ముట్టేది కాదట. పడ్డాక కోసేది మాత్రం గడ్డి కోసిన కొడవలితోనే. ఎన్ని పురిళ్లలో ధనుర్వాతం వచ్చిందో అమ్మమ్మ పేర్లతో సహా చెప్పేది. తడి ఆరని బిడ్డకు వేణ్నీళ్లు పోసి, ముర్రుపాలు పిండించి పారబోయించి, ఆముదం నాకించేది కూడా ఆ మంత్రసానే. పాతదంతా మంచిదనేవాళ్లతో నాకు అందుకే పేచీ. ఆసుపత్రులు ఆ కొడవలిని మాన్పించాయి, బిడ్డను తల్లి దగ్గర్నుంచి ఎత్తుకుపోయే అలవాటును తెచ్చాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి: దేశంలో 88.6 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే, గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు 41.8 శాతమే.

ఇలాంటివి మరచిపోకుండా ప్రతి లేబర్ రూమ్ గోడకూ పనుల పట్టిక ఉండాలన్న నా పాత పట్టుదల ఈ కాలమ్ చదివేవారికి తెలిసిందే. ఉత్తరప్రదేశ్‌లో 60 ఆసుపత్రుల్లో అలాంటి పట్టికే ఇచ్చి, పక్కన నిలబడి నేర్పేవాళ్లను పెట్టి, మరో 60 ఆసుపత్రులతో పోల్చారు. 2017లో ఫలితాలొచ్చాయి. కాన్పు చేసేవారి పద్ధతులు మెరుగయ్యాయి. పసికందుల మరణాలు తగ్గలేదు.

ఆ ఫలితం నన్ను వదలడం లేదు. ఏడవని బిడ్డకు తొలి నిమిషంలోనే బ్యాగుతో గాలి అందించాలి. సరిగ్గా అప్పుడే తల్లికి రక్తస్రావమైతే, రాత్రి డ్యూటీలో ఉన్న ఒక్క నర్సు ఎటు తిరుగుతుంది? గోడ మీది పట్టిక బ్యాగు పట్టదు కదా. అందుకే పట్టిక కంటే ముందు మనిషిని అడుగుతున్నాను: ప్రతి కాన్పు దగ్గరా బిడ్డను మాత్రమే చూసుకునే ఒకరు, బొమ్మ మీద నెలనెలా సాధన చేసి చెయ్యి తిరిగినవారు. కొత్త నర్సులను వేసేటప్పుడు అధికారులు ముందు రాత్రి షిఫ్టుల లెక్క తియ్యాలి.