కన్యాశుల్కమున అధికారము, గౌరవము

తెలుగు కావ్యములందు కవి రాజును తరచుగా నీవనియే పిలుచును. దైవమును పిలుచుటకును, సేవకుని పిలుచుటకును అదే మాట చాలును. ఇంటను, వీథిని మాటలాడుకొను తెలుగు అట్టిది కాదు. ఒరే, ఓయి, అయ్యా, అండీ, బాబూ అను వానిలో ఏది వినవచ్చినను, పలికినవాని స్థానమును, విన్నవాని స్థానమును తత్క్షణమే తెలిసిపోవును. గురజాడ అప్పారావు (1862–1915) కన్యాశుల్కమును వ్యావహారికమున రచించుటకు పలువురు పలు కారణములు చెప్పియున్నారు. హాస్యము పండుటకనువారు కొందరు, సామాన్యులకు బోధపడుటకనువారు కొందరు. వానికి మరియొకటి చేర్చవచ్చును. దినదినమును ఇంటింట చెల్లుబడియగుచుండు అధికారమును రంగముపై నిలుపవలెనన్నచో, మీరు, నువ్వు అను భేదము సజీవముగా నున్న భాష కావలెను. ఇట్టి వ్యాసముల భాషకు ఆ శక్తి లేదు.

ఈ నాటకము 1892లో విజయనగరమున తొలిసారి ప్రదర్శింపబడినది, 1897లో అచ్చయినది, దాదాపు క్రొత్త నాటకమనదగినంత మార్పుతో 1909లో మరల వెలువడినది. నేడు అందరును చదువునది ఈ రెండవ కూర్పే. మొదటి కూర్పునకు గురజాడ ఆంగ్లమున వ్రాసిన పీఠికలో ఒక లెక్క కలదు. విజయనగర మహారాజు ఆజ్ఞ చొప్పున విశాఖపట్టణము జిల్లాలో మూడేండ్ల కాలమునకు సేకరించిన శుల్కవివాహములు 1034. అందు అయిదేండ్ల వధువులు 99 మంది. ఏడాది ప్రాయము వారు ముగ్గురు. ఈ పనులు దొంగలు చేసినవి కావు. తండ్రులు చేసినవి, ఊరివారిచేత గారు అనిపించుకొన్న పెద్దమనుష్యులు చేసినవి. నాటకమునకు ముడిసరకు ఇదియే.

పాత్రల పేళ్లను చూచినను సంగతి కొంత తెలియును. అగ్నిహోత్రావధానులు, లుబ్ధావధానులు, రామప్పపంతులు అను మూడు పేళ్లకును బహువచనపు లువర్ణము అంటియున్నది. ఒక్క మనిషిని పలువురుగా నెంచుటయే మర్యాద యను పద్ధతిని తమిళుల అవర్గళ్, కన్నడిగుల అవరు అను మాటల నడుమ తరతరములుగా బ్రదుకు తెలుగువారికి విడమరచి చెప్పనక్కరలేదు. లుబ్ధావధానుల పేరు మరియు చమత్కారమైనది. మొదటి సగము లోభి యని తిట్టును. చివరి యక్షరము దండము పెట్టును. ఆయన యింటి సేవకుడు అసిరిగాడు. గారునకును గాడునకును భేదము ఒక్క యక్షరమే. ఎవరి పెండ్లి చుట్టు కథ యంతయు తిరుగుచున్నదో ఆ పసిపిల్ల ఒట్టి సుబ్బి. ఆమె పేరున అమ్మ యను మాట యింకను చేరలేదు.

అగ్నిహోత్రావధానుల యింట ఆయన చెప్పినదే శాసనము. పెద్దకూతురు బుచ్చమ్మ అట్టి పెండ్లి ఫలముగా విధవయై కన్నులయెదుట తిరుగుచుండగనే, రెండవ కూతురిని వృద్ధుడైన లుబ్ధావధానులకు ఇచ్చుటకు నిశ్చయించెను. భార్య వెంకమ్మ బ్రతిమాలెను. బావమరది కరటకశాస్త్రి బెదిరించెను. తాంబూలములను గూర్చి ఆ తండ్రి పలికిన మాట నేడు సామెతయై నవ్వుటకు పనికివచ్చుచున్నది. ఆ నవ్వులో మరుగుపడునది వెంకమ్మ నూతిలో దూకిన సంగతి.

ఇంతటి అధికారికి ఆ యింట దక్కిన గౌరవమెంత? గురజాడ దీనిని నోట చెప్పింపలేదు; పనులలో చూపెను. కుమారుడు వెంకటేశము పరీక్ష తప్పిన సంగతి తండ్రికి తెలియనీయడు. ముఖాముఖి గెలువలేనని తెలిసిన కరటకశాస్త్రి శిష్యునకు ఆడువేషము వేసి, ఆ మాయవధువును లుబ్ధావధానులకు కట్టబెట్టి, ఆ దారిని సుబ్బి పెండ్లి తప్పింపజూచును. గిరీశము వినయము నటించి ఆయన యింటనే తిష్ఠవేయును. కోపమునకు వెరచిన వారందరును ఆయన యెదుట తలవంచుచు, చాటున తమతమ పనులు నడుపుకొందురు. పై మర్యాదకు కొరత లేదు. అబద్ధమాడక ఆయనతో నిలిచి మాటలాడ సాహసించినవారికి మాత్రము తిట్లే మిగిలినవి. ఈ నాటకమున మోసములు లెక్కకు మిక్కిలి యని ఆక్షేపించుట సులభము. కాని, ఎదురు చెప్పుటకు వీలులేని యింట బలహీనునకు వేరు దారి యేది యను ప్రశ్నకు ఆ ఆక్షేపణలో సమాధానము లేదు.

ఇంగ్లీషు సన్నివేశము మిగుల ప్రసిద్ధము. కొడుకును, గురువును ఆ భాషలో మాటలాడగా వినవలెనని వెంకమ్మ వేడుకపడును. వారిరువురును పొంతనలేని పద్యపు ముక్కలను, పాఠపు ముక్కలను అప్పగించుకొందురు. తల్లి మురిసిపోవును. ప్రేక్షకులు ఆమె యమాయకత్వమునకు నవ్వుదురు. ఆ నవ్వు కొంత అన్యాయమైనది. కచేరీ, కొలువు, కాగితము అన్నియు ఏ భాషలో నడుచుచున్నవో ఆ భాషకు ఆమె మ్రొక్కుచున్నది. వ్యాజ్యములన్న చెవికోసికొను అవధానులు సయితము గిరీశమును ఇంట నిలుపుకొన్నది ఇంగ్లీషు కాగితముల కొరకే గదా! అర్థము కాకపోవుటయే ఆ గౌరవమునకు మూలము.

రామప్పపంతుల పెద్దరికమును గూర్చి విస్తరింప నక్కరలేదు. ఊరి తగవులలో చక్రము త్రిప్పు ఆ పంతులును, లోకజ్ఞుడనని విఱ్ఱవీగు గిరీశమును ఒకే మంచము క్రింద దూరిన ఘట్టము చాలును.

బుచ్చమ్మ సంగతి వేరు. గిరీశము నటన నంతటిని విద్యగా, అతని మాటల నన్నిటిని ధర్మముగా భావించి మనసార గౌరవించిన పాత్ర ఆమె యొక్కతెయే. నాటకమున కల్లలేని భక్తి, దానికి తగని వానిపై పడినది. దీనిని ఆమె తెలివితక్కువతనముగ చూచుట సరికాదు. తండ్రి యింట ఆమెతో నెమ్మదిగా, ఆమె కొక మనసున్నట్లు మాటలాడిన పురుషుడు వేరొకడు కానరాడు.

తుది ఘట్టమున సౌజన్యారావు, మధురవాణి ఎదురుపడుదురు. ఆయన వకీలు, సంస్కర్త, వేశ్యలతో సంపర్కము కూడదని నియమము పట్టినవాడు. ఆమె పురుషవేషమున వచ్చినగాని ఆయన గుమ్మము దాటలేదు. చేయని హత్యానేరములో చిక్కిన లుబ్ధావధానులను తప్పింపగల రహస్యము ఆమె చేతనున్నది. దానికి మూల్యముగా ఆమె అడిగినది ఒక ముద్దు. నియమమునకును, ఒక ప్రాణమునకును నడుమ నలిగి ఆయన తుదకు సిద్ధపడగా, చెడనివారిని చెడగొట్టరాదని తల్లి నేర్పిన నీతిని తలంచి ఆమెయే వెనుదీయును. ఈ ఘట్టమును ఆదర్శప్రాయమని మెచ్చి విడిచిపెట్టుట పరిపాటి. ఇందు గురజాడ సంస్కర్తకును చురక పెట్టెనని గుర్తింపవలెను. సౌజన్యారావు సజ్జనుడే, కాని ఆయన సచ్ఛీలము సయితము ఒక అధికారమై, గుమ్మము కడ మనుష్యులను వేరుపరచుచుండెను. ఆ గుమ్మము దాటి వచ్చినది ఆయనను శిక్షింపక, ఆయన నియమమును తానే కాపాడినది. ఆయన ఆమెకు భగవద్గీతను ఇచ్చెను. అధికారమేమియు లేని స్త్రీకి, భయమేమియు లేని పురుషుడు చేసిన ఇట్టి మన్నన ఈ నాటకమున మరెచ్చటను లేదు.

అయినను ఒక లోపము కన్పట్టుచున్నది. గిరీశము గుట్టు బయటపడిన పిమ్మట బుచ్చమ్మను పూనాలోని వితంతుశరణాలయమునకు పంపుట నిశ్చయమగును. చదువుకొని, తన దారిని తాను ఎంచుకొనుటకు అది మంచి యేర్పాటే. ఏర్పాటు చేసినవాడును ఉదారుడే. కాని తండ్రి చేసిన మొదటి పెండ్లివలెనే ఈ తీర్మానమును ఆమెను అడుగక జరిగినది. ఆ మాటలు జరుగునప్పుడు బుచ్చమ్మ ఆ గదిలో లేదు.