తొట్టి నీళ్లలో ఇంజినీరింగు

నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. వానాకాలం వచ్చిందంటే పల్నాడు రైతు ఆ అంకె కోసమే పేపరు తిరగేస్తాడు. కానీ ఆ నీళ్ల కింద కాంక్రీటు ఎలా ఉందో, గేటు ఇనుమును తుప్పు ఎంత తిన్నదో ఒడ్డు మీద నిలబడితే తెలియదు. 2021 ఆగస్టు 5న పులిచింతల ప్రాజెక్టు 16వ గేటు కొట్టుకుపోయింది. ఆ గేటు చోట తాత్కాలికంగా అడ్డుపెట్టే స్టాప్‌లాగ్ దించడానికి జలాశయంలో నీటిమట్టమే తగ్గించాల్సి వచ్చింది. నీటి అడుగున పని తెలిసినవాళ్ల అవసరం మన గడపలోనే ఉంది. ఆ చదువు బడిలోనే మొదలుపెట్టొచ్చు.

అమెరికాలో ఎంఐటీ సీ గ్రాంట్ సంస్థ 2003లో సీపెర్చ్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. పీవీసీ పైపు ముక్కలు, మూడు చిన్న మోటార్లు, 12 వోల్టుల బ్యాటరీ, పొడవాటి వైరు, స్విచ్చులు ఇచ్చి పిల్లల చేత నీటి రోబో కట్టిస్తారు. రెండు మోటార్లు ముందుకూ పక్కలకూ నడిపితే, మూడోది పైకీ కిందకీ నడుపుతుంది. మోటారును చిన్న డబ్బాలో పెట్టి చుట్టూ మైనం నింపితే నీళ్లు లోపలికి పోవు. రేడియో తరంగాలు నీళ్లలో ఎంతో దూరం పోవు కాబట్టి రిమోట్ పనికిరాదు, వైరు ఉండాల్సిందే.

అసలు పాఠం తూకం దగ్గర ఉంది. పైపులకు బెజ్జాలు వేయకపోతే లోపలి గాలి రోబోను మునగనివ్వదు. తేలే ముక్కలు పైన, బరువు కింద ఉండాలి. తారుమారైతే నీళ్లలో వదలగానే పల్టీ కొడుతుంది. పిల్లలు ఒకవైపు థర్మోకోల్ చెక్కి, ఇంకోవైపు నట్టు కట్టి, అది మునగకుండా తేలకుండా మధ్యలో నిలిచేదాకా సరిచేస్తారు. తొమ్మిదో తరగతిలో బట్టీ పట్టిన ఆర్కిమెడిస్ సూత్రం అప్పుడు చేతికి తెలుస్తుంది. నా మటుకు నాకు నేల మీద గీత వెంట పరుగెత్తే బొమ్మకారు కన్నా ఇదే మంచి గురువు. కారులో లోపమున్నా నేల మీద నిలబడుతుంది, ఇక్కడ ప్రతి లోపమూ వెంటనే బయటపడుతుంది.

లోతు పెరిగితే లెక్క మారుతుంది. ప్రతి పది మీటర్లకూ సుమారు ఒక వాతావరణ పీడనం అదనంగా పడుతుంది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ముగ్గురిని 6,000 మీటర్ల లోతుకు పంపేందుకు రూపొందిస్తున్న మత్స్య 6000లో మనుషులు కూర్చునే గోళాన్ని టైటానియంతో చేయడం అందుకే.

ఒక్క జాగ్రత్త. పిడుగురాళ్ల క్వారీ గుంటల్లో, సాగర్ కుడి కాలువలో ఈ ప్రయోగాలు వద్దు. సిమెంటు తొట్టి చాలు. ఇంటి కరెంటు దగ్గరికి రానివ్వకండి, బ్యాటరీయే వాడండి.

2016లో మొదలైన అటల్ ఇన్నొవేషన్ మిషన్ కింద ఎంపికైన బడికి టింకరింగ్ ల్యాబు కోసం 20 లక్షల రూపాయల వరకు సాయం అందుతుంది. ల్యాబు లేని బడికైనా ఈ సామానంతా హార్డ్‌వేర్ షాపులో, ఎలక్ట్రానిక్స్ కొట్లో దొరుకుతుంది. నరసరావుపేట, మాచర్ల, గురజాల సైన్సు మాస్టార్లూ, ఈ ఏటి సైన్సు ఫెయిర్‌కు మీ పిల్లల చేత ఒక నీటి రోబో కట్టించండి.