లుక్కా గోడ మీద సైకిల్

ఇటలీలో టస్కనీ ప్రాంతపు పాత ఊరు లుక్కా. దాన్ని సైకిల్ మీద చూపించే గైడు పనితనం తెలిసినవాడైతే ముందు ఊళ్లోకి తీసుకెళ్లడు; కోటగోడ ఎక్కిస్తాడు.

గోడ మీద సైకిలేమిటి అనిపించవచ్చు. ఇది నిటారుగా నిలిచే రాతిగోడ కాదు. ఎత్తు 12 మీటర్లే గానీ అడుగున వెడల్పు దాదాపు 30 మీటర్లు. లోపలంతా మట్టి, బయటి ముఖానికి వాలుగా ఇటుక కట్టారు. 16వ శతాబ్దం తొలినాళ్లలో మొదలైన పని ముగిసేసరికి 17వ శతాబ్దం సగానికి వచ్చింది. అది ఫిరంగుల కాలం. ఎత్తయిన సన్నని గోడ గుండు దెబ్బకు కూలుతుంది. పొట్టిగా, లావుగా ఉన్న మట్టిగోడ ఆ గుండును మింగేస్తుంది. పైన ఫిరంగుల్ని అటూ ఇటూ లాక్కెళ్లాలి గనక చోటు విశాలంగా వదిలారు. ఈవేళ సైకిళ్లు పక్కపక్కనే సాగిపోతున్నాయంటే అది ఆ సైనిక లెక్క చలవే.

చుట్టు కొలత సుమారు 4.2 కిలోమీటర్లు. దారి చదునుగా ఉంటుంది, గేర్లతో పనిలేదు. గైడు ఆపాల్సింది బురుజుల దగ్గర. మొత్తం 11. చాలావాటి ఆకారం బాణం మొన. ఒకదాని మీది ఫిరంగి పక్క బురుజు ముఖాన్నీ, నడిమి గోడ పాదాన్నీ కాస్తుంది. శత్రువు నక్కడానికి మూల మిగలదు. ఇదంతా నోటితో చెబితే బుర్రకెక్కదు. ఒక బురుజు నుంచి మరో బురుజుకు తొక్కి, వెనక్కి తిరిగి చూస్తే ఇట్టే తెలుస్తుంది. నడిచి వెళ్తే రెండోది చేరేలోపు మొదటిదాన్ని మరిచిపోతాం. పైగా తొక్కుతూ ఉపన్యాసం ఇవ్వడం గైడుకు కుదరదు. అది మన అదృష్టం.

గోడ మీద మొదట్లో చెట్లు పెట్టింది కూడా నీడ కోసం కాదు. వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి, ముట్టడి వస్తే కట్టెలకు పనికొస్తాయి. తీరా ఏ శత్రువూ ఈ గోడను ఫిరంగులతో పరీక్షించనే లేదు. పరీక్ష పెట్టింది సెర్కియో నది. 1812లో అది పొంగితే ద్వారాలు మూసి ఊరిని కాపాడుకున్నారు. అప్పటి పాలకురాలు, నెపోలియన్ చెల్లెలు ఎలీసా బయట చిక్కుకుపోతే క్రేన్‌తో గోడ దాటించి లోపలికి దించారని చెప్పుకుంటారు. ఫ్లోరెన్స్ 1860ల్లో రాజధాని అయ్యాక తన గోడల్ని చాలామటుకు కూల్చి వెడల్పాటి రోడ్లు వేసుకుంది. లుక్కా తన గోడను షికారు దారిగా మార్చుకుంది.

ఊళ్లోకి దిగాక రోమన్ల నాటి క్రీడారంగం ఉన్న చోటుకి వెళ్తాం. రాళ్లు ఎవరికి కావలసినవి వాళ్లు పట్టుకుపోగా, మిగిలిన గోడల్నే ఆసరా చేసుకుని జనం ఇళ్లు కట్టుకున్నారు. 1830లో వాస్తుశిల్పి లొరెంజో నొత్తొలీని నడుమ పేరుకున్న కట్టడాల్ని తీయించేసరికి కోడిగుడ్డు ఆకారపు మైదానం మళ్లీ బయటపడింది. మంచి గైడు ముందు బయటి వీధి చుట్టూ తిప్పుతాడు. ఇళ్ల గోడల్లో ఇరుక్కుపోయిన రోమన్ కమానులు అక్కడే కనిపిస్తాయి. అవి చూశాక లోపలికెళ్తే ఆ ఇళ్ల వరుస అలా ఎందుకు వంపు తిరిగిందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

గ్వినీజీ గోపురం నెత్తిన పెరిగే ఓక్ చెట్లకు ఒక ఫొటో చాలు.

ఆగి చూడాల్సింది సాన్ మార్తీనో చర్చి ముఖభాగం. 1204 నాటి, గ్విదెత్తో అనే శిల్పి పని. పై వరుసల స్తంభాలు దేనికదే: ఒకటి మెలికలు తిరిగి ఉంటుంది, ఒకదాని నిండా చెక్కడమే. కింద కుడివైపు కమాను తక్కిన రెండింటికన్నా ఇరుకు. గంటగోపురం అప్పటికే అక్కడుంది. దాన్ని కదపలేదు, కమానునే కుదించారు. ఆ కుదింపును కప్పిపుచ్చే ప్రయత్నమూ చేయలేదు. ఆ పక్కనే రాతి మీద గుండ్రటి చిక్కుదారి ఒకటి చెక్కి ఉంది. తరతరాల వేళ్లు తగిలి నడిమి భాగం అరిగిపోయింది. గైడు ఇక్కడ పది నిమిషాలిచ్చి బెల్లు కొడితే, మిగతావాళ్లను పోనిచ్చి మనం ఆగిపోవడమే మేలు.