అక్షరం తెగకుండా

పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న నిరాహారదీక్షకు కూర్చున్నది మా మైలాపూరులోనే, రాయపేట హైరోడ్డులో బులుసు సాంబమూర్తి గారింట్లో. డిసెంబరు 15 రాత్రి అక్కడే ప్రాణం విడిచారు. ఆ చోటు ఇప్పుడు స్మారక భవనం. నేను రాసిన ప్రోగ్రాముకు పరీక్ష పెట్టాల్సి వచ్చినప్పుడల్లా ఆయన పేరే ఎక్కిస్తాను. ఆయన మీద గౌరవం ఒక కారణం. రెండో కారణం ఆ పేరులోని ‘శ్రీ’.

తెలుగు వికీపీడియాలో మార్పులను జరిగిన వెంటనే అందుకోవడం ఆ ప్రోగ్రాము పని. ఇందుకోసం వికీమీడియా వాళ్లు ఈవెంట్‌స్ట్రీమ్స్ అనే సేవ నడుపుతున్నారు. ఏ భాషా వికీలో ఎవరు ఏ వ్యాసం దిద్దినా అందులో ఒక జేసన్ వచ్చి పడుతుంది. వ్యాసం పేరు, దిద్దినవారి పేరు, దిద్దకముందు ఎంత పొడవు, దిద్దాక ఎంత, దిద్దింది మనిషా బాటా, అన్నీ అందులో ఉంటాయి. తెలుగువి మాత్రమే పంపమని అడిగే వీలు లేదు. అన్నీ తీసుకుని మనవి మనమే ఏరుకోవాలి. యాప్‌లూ సర్వర్లూ తమలో తాము మాట్లాడుకునేటప్పుడు ఎక్కువగా వాడేది ఈ జేసన్ రాతనే. మీ ఫోనులో రైలు టికెట్ ఖాయమైందో లేదో చూసినా, కరెంటు బిల్లు కట్టినా తెర వెనక తిరిగేది దాదాపు ఇదే.

సర్వర్ నుంచి జవాబు తెచ్చిపెట్టేది హెచ్‌టీటీపీ క్లయింట్ లైబ్రరీ. జవాబు మొత్తం వచ్చేదాకా ఆగి, అంతా మెమరీలో పెట్టుకుని, అప్పుడు విప్పి చేతికివ్వడం చాలా లైబ్రరీల అలవాటు. చిన్న జవాబులకు అదే మేలు. కానీ వికీ మార్పుల ఈ ధారకు చివరంటూ లేదు కనుక మొత్తం వచ్చేదాకా ఆగేవాడికి ఎన్నటికీ ఏమీ రాదు. చివర ఉన్నవాటితోనూ ఇబ్బందే. వికీడేటా పూర్తి జేసన్ ఫైలు కుదించాక కూడా వంద జీబీ దాటుతుంది. అదంతా కలిపి ఒకే ఒక్క జాబితా. అయితే ఒక్కో అంశాన్ని ఒక్కో లైనులో పెట్టారు, ఏ లైనుకా లైను విప్పి చదువుకోవచ్చు. ఆ నిర్ణయం తీసుకున్నవారు చదివేవాడి కష్టం ఎరిగినవారు.

సరే, మొత్తం కోసం ఆగకుండా వచ్చింది వచ్చినట్టు అందుకుందామంటే ‘శ్రీ’ అడ్డొస్తుంది. జావా 11తో వచ్చిన క్లయింటునే తీసుకోండి. జవాబును అది బైట్ల ముక్కలుగా ఇస్తుంది, ముక్క మామూలుగా 16 కేబీ దాకా ఉండవచ్చు. ఆ కోత తెలుగు అక్షరాలను చూసుకుని పడేది కాదు. యూటీఎఫ్-8లో మన హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కోటీ ఒక్కో సంకేతం, మూడేసి బైట్లు. ‘శ్రీ’లో శ, పొల్లు, ర, దీర్ఘం కలిసి 12. ‘పొట్టి శ్రీరాములు’ మొత్తానికి మధ్య ఖాళీతో సహా 49 బైట్లు. వాటి మధ్య కోయడానికి 48 చోట్లున్నాయి. నా పరీక్ష ఆ 48 చోట్లా కోసి, రెండు ముక్కలుగా పంపి, అవతల ఏం వచ్చిందో చూస్తుంది. అందులో 16 కోతలు సంకేతానికీ సంకేతానికీ మధ్య పడతాయి, వాటితో ప్రమాదం లేదు. మిగిలిన 32 సంకేతం కడుపులో పడతాయి. ముక్కను ముక్కగానే అక్షరాల్లోకి మార్చే లైబ్రరీ అయితే, కోత శ కడుపులో పడినప్పుడు ఆ శ మాయమై, నల్లటి వజ్రంలో ప్రశ్నార్థకం గుర్తులు రెండో మూడో తేలతాయి. ఇంగ్లిషు పేర్లతోనే పరీక్షించేవారికి ఇది జన్మలో కనబడదు, ఎందుకంటే అక్కడ అక్షరానికి ఒకటే బైటు. తెలుగులో ప్రోగ్రాములు పరీక్షించడం భాషాభిమానానికి సంబంధించిన విషయం మాత్రమే కాదని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

ఇలా వచ్చింది వచ్చినట్టు అందుకోవడంలో పంపేవాడూ తీసుకునేవాడూ పాటించాల్సిన పద్ధతిని చెప్పేది రియాక్టివ్ స్ట్రీమ్స్. 2013 చివర్లో నెట్‌ఫ్లిక్స్, పివోటల్, టైప్‌సేఫ్ ఇంజనీర్లు మొదలుపెట్టిన ఒప్పందమది. 2015లో తొలి వెర్షన్ వచ్చింది, 2017లో జావా 9లోకే చేరింది. అందులో పంపేవాడు తన ఇష్టానికి గుమ్మరించకూడదు. తీసుకునేవాడు ఎన్ని కావాలో చెప్పాలి, అంతకు మించి ఒక్కటి కూడా పంపరాదు. పెళ్లి పంక్తిలో విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే గరిటె ఆగాలి, అంతే.

చిక్కల్లా లెక్క దేనితో అన్నది. నేను అడిగేది ఒక మార్పు, అంటే ఒక పూర్తి జేసన్. కింద నుంచి వచ్చేది 16 కేబీ ముక్క. అందులో పది మార్పులుండొచ్చు, ఒక మార్పులో మూడోవంతే ఉండొచ్చు. పది ఉంటే లైబ్రరీ ఒకటిచ్చి తొమ్మిది దాచుకోవాలి, అవి అయ్యేదాకా కిందికి కొత్తగా అడగకూడదు. మూడోవంతే ఉంటే నేను మళ్లీ అడగకపోయినా తనే ఇంకో ముక్క తెప్పించుకోవాలి. నా అడుగును బైట్ల అడుగుగా మార్చే ఈ చిన్న భాగంలోనే లైబ్రరీ రాసినవారి పనితనం తెలుస్తుంది. ఇది కుదిరితే నా దగ్గర ఆలస్యమైనప్పుడు క్లయింటు నెట్‌వర్కు నుంచి చదవడం ఆపుతుంది, ఆ ఒత్తిడి సర్వర్ దాకా పాకి అక్కడా వేగం తగ్గుతుంది. చాలామంది మొదట్లోనే ‘ఎన్నైనా పంపు’ అని రాసేసి ఈ సదుపాయాన్నంతా చేజార్చుకుంటారు. అది నాకు బాధ కలిగించే విషయం.

ఇక తెగిపోవడం. ఈవెంట్‌స్ట్రీమ్స్‌లో కనెక్షన్ పావుగంటకోసారి తెగుతుంది, అది వాళ్లు పెట్టుకున్న గడువు. సర్వర్ మొదట్లోనే ‘200, అంతా బాగుంది’ అని చెప్పేసి ఉంటుంది కాబట్టి ఆ అంకెను నమ్మి లాభం లేదు. పూర్తయిందా, తెగిందా అన్న తేడా లైబ్రరీయే స్పష్టంగా చెప్పాలి. అప్పటిదాకా చేతికొచ్చినవి మంచివే, వాటిని పారేయనక్కర్లేదు. ప్రతి మార్పుతోనూ ఒక గుర్తు వస్తుంది, తిరిగి కలిసేటప్పుడు ఆఖరి గుర్తు చూపిస్తే అక్కడి నుంచే అందుకుంటారు. అందుకని ఈ ప్రోగ్రాము కోసం నేను రాసుకున్న లైబ్రరీలో తెగినచోట మిగిలిన సగం జేసన్‌ను వదిలేసి, అంతకుముందు పూర్తిగా వచ్చినదాని గుర్తును ఎర్రర్‌తో పాటే అందించేలా పెట్టాను. జేసన్ మధ్యలో, అందులోనూ ‘శ్రీ’ మధ్యలో కనెక్షన్ తెంపే పరీక్ష కూడా ఇప్పుడు ఆ 48 కోతల పక్కనే నడుస్తోంది.