సాయంత్రం ఐదింటి డబ్బా

మా ఇంట్లో అందరం కలిసి కూర్చొని తినేది ఆదివారం మధ్యాహ్నమే. మా ఆయనది పాశమైలారంలో షిఫ్టు ఉద్యోగం. ఎ షిఫ్టు వారం తెల్లవారకముందే కంపెనీ బస్సు ఎక్కాలి, బి షిఫ్టు అయితే పదకొండు దాటితే గానీ ఇల్లు చేరడు, సి షిఫ్టు వారం పగలంతా నిద్ర. పిల్లలు బడి నుంచి వచ్చేసరికి నాలుగున్నర. పటాన్‌చెరు, ఇస్నాపూర్, బొల్లారం, జిన్నారం చుట్టుపక్కల ఏ కాలనీలో అడిగినా ఇదే వరస. ఇలాంటి ఇళ్ళలో భోజనానికీ భోజనానికీ నడుమ ఆకలేసిన మనిషి చెయ్యి పెట్టే డబ్బా ఒకటుంటుంది. ఇంటి తిండి అలవాట్లు అక్కడే తయారవుతాయి. అది ఖాళీగా ఉంటే గల్లీ చివర వేలాడే ఐదు రూపాయల ప్యాకెట్లున్నాయి, గేటు ముందు మిర్చి బజ్జీల బండి ఉంది.

తిండి మార్చుకుందామని పట్టుదలగా మొదలుపెట్టే వాళ్ళు చాలామంది ముందు అన్నం మీద పడతారు. ఉన్నపళంగా తెల్లన్నం మాన్పించి కొర్రన్నం వడ్డిస్తారు. పిల్లలు అలుగుతారు, పెద్దలు మొహమాటానికి రెండు ముద్దలు తిని లేస్తారు, కొర్రల సంచి అటకెక్కుతుంది. అన్నంతో మనకున్న బంధం గట్టిది, దాన్ని ఆఖరున ముట్టుకోవాలి. చిరుతిండికి ఆ పట్టింపులు లేవు. రుచిగా ఉంటే చాలు, అది జొన్నా మైదానా అని పిల్లలు అడగరు. అందుకే నేను డబ్బాతో మొదలుపెట్టమంటాను.

దానికి కావలసినవన్నీ మన జిల్లా నేలలోనే పండుతాయి. మేం రోజూ తిరిగే ముంబై రోడ్డు పక్కనే, 1972లో మొదలైన ఇక్రిశాట్ దాదాపు 3,500 ఎకరాల్లో ఉంది. జొన్న, సజ్జ, కంది, శనగ, పల్లి మీద ప్రపంచానికి పనికొచ్చే పరిశోధన అక్కడ జరుగుతుంది. ఇనుము ఎక్కువగా ఉండే ధనశక్తి సజ్జ రకం అక్కడి పని ఫలితమే. అదే రోడ్డున పడమటికి పోతే జహీరాబాద్ దగ్గర పస్తాపూర్. అక్కడ 1983లో పి.వి. సతీష్, ఆయన మిత్రులు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పెట్టారు. పడావుపడ్డ చెలకల్లో దళిత ఆడవాళ్ళు సంఘాలు కట్టి జొన్న, సామ, కొర్ర, తైదలు మళ్ళీ పండించారు. విత్తనాలు ఇంట్లోనే దాచుకున్నారు. ఏటా సంక్రాంతి నుంచి ఎడ్లబండ్ల మీద విత్తనాలు అలంకరించి ఊరూరా పాత పంటల జాతర నడుపుతారు. 2019లో వాళ్ళకు ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. ఈ రెండు చోట్లకూ నడుమ బతికే మనం ఆ గింజలు కొని తినకపోతే ఇంకెవరు తింటారు?

ఇక డబ్బాలోకి ముందు పల్లిపట్టీలు. వాటిని చేసే ముందు అరగంట గింజలు ఏరడానికే పోతుంది. ఆ అరగంటను తగ్గించుకోవద్దు. చాటలో పలుచగా పరిచి ముడుతలు పడ్డవి, నల్లబడ్డవి, పురుగు తొలిచినవి, బూజు మచ్చ ఉన్నవి తీసేయాలి. మా అమ్మది న్యాల్‌కల్ వైపు. “ముట్టి చూడు బిడ్డా, బరువు లేని గింజ పారెయ్” అంటుంది. బూజు పట్టిన పల్లీల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, కాలేయానికి ప్రమాదం. వేయిస్తే పూర్తిగా పోదు. ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు దాన్ని తక్కువ ఖర్చుతో పట్టుకునే పరీక్షలు తయారు చేశారు. మన వంటింట్లో కళ్ళూ వేళ్ళే పరీక్ష. ఏరిన గింజల్ని సన్న మంట మీద, పొట్టు చిట్లి లోపల లేత గోధుమరంగు కనబడేదాకా కదుపుతూ వేయించాలి. చల్లారాక నలిపి చెరిగితే పొట్టు పోతుంది. పల్లీలు రెండు పాళ్ళయితే బెల్లం ఒక పాలు. కరిగించి వడగట్టిన బెల్లాన్ని మళ్ళీ పొయ్యి మీద పెట్టి, బుడగలు చిన్నవై చిక్కబడ్డాక ఒక చుక్క చన్నీళ్ళలో వేయండి. తీసి పళ్ళెం మీద కొడితే టంగుమనాలి. సాగిందంటే ఇంకా పాకం రాలేదు.

తొలి ఏకాదశికి చేసే పేలాల పిండిని పండుగ దాటాక మరిచిపోతాం. జొన్నలకు కొంచెం తడి తగిలించి రాత్రంతా మూటగట్టి ఉంచి, పొద్దున బాగా కాగిన బాండలిలో గుప్పెడు గుప్పెడు వేసి మూతపెడితే చిటపటమంటూ తెల్లగా విచ్చుకుంటాయి. బెల్లం, యాలకులు వేసి దంచితే వారం నిల్వ ఉంటుంది. మా గల్లీలో అద్దెకుండే బీహార్ కుర్రాళ్ళు వేయించిన శనగల పిండిని నీళ్ళలో కలిపి, ఉల్లిపాయ, నిమ్మరసం, ఉప్పు వేసుకుని గటగటా తాగి డ్యూటీకి పోతారు. మనం సద్దుల బతుకమ్మకు చేసే సత్తుపిండికి అది దగ్గరి చుట్టమే. పండుగనాడు మనం పంచుకు తినేదాన్ని వాళ్ళు రోజూ తిని బరువు పనులు చేస్తున్నారు.

బెల్లం కూడా చక్కెర లాంటిదే. అందుకని డబ్బాలో తీపి సగానికి మించనివ్వను, మిగతాది గుడాలదే. బబ్బెర్లో శనగలో పెసర్లో రాత్రి నానబోసి, పొద్దున ఉడికించి, ఆవాలు, పచ్చిమిర్చి, కరివేపాకుతో పోపు పెట్టి దింపాక నిమ్మకాయ పిండాలి. పులుపు వల్ల గింజల్లోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. వెంటనే చాయ్ తాగితే ఆ మేలు తగ్గుతుంది, గంట ఆగడం మంచిది.

జొన్నలు మంచివి కదా అని జొన్నలే తింటే సరిపోదు. జొన్న తప్ప మరో తిండి దొరకని పేదల్లో, మెడ మీద, చేతుల మీద చర్మం నల్లబడి పగిలే పెల్లాగ్రా అనే జబ్బును హైదరాబాద్ పోషకాహార పరిశోధకులు చూశారు. సి. గోపాలన్, ఆయన సహచరులు 1960ల్లో దాని కారణాలు వెతికారు. జొన్నలోని ల్యూసిన్ అనే అమైనో ఆమ్లానికి దానితో సంబంధం ఉందన్నారు. ఆ వాదన మీద తర్వాత చర్చ నడిచింది. మా అమ్మవాళ్ళు జొన్నరొట్టెకు పప్పో, పుంటికూరో, పల్లీల పొడో లేకుండా పెట్టకపోవడం ఎంత మంచి అలవాటో అది చదివాకే తెలిసింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపాక దుకాణాల్లో మిల్లెట్ బిస్కెట్లు పెరిగాయి. ప్యాకెట్ వెనక్కి తిప్పి చదవండి. పదార్థాలు ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలని నియమం. మైదా, చక్కెర ముందుండి తైదలు అడుగున ఉంటే పేరు చూసి మోసపోకండి.

డబ్బా కుదిరాక పొద్దుటి పూటకు తైదల జావ వచ్చింది. నూరు గ్రాముల తైదల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, పాలలో 120 దాకా. ఆ తర్వాత వారంలో కొన్ని రాత్రులు రొట్టె. జొన్నపిండి ఉడుకు నీళ్ళతో కలిపితేనే చేతిలో నిలుస్తుంది. రాని వాళ్ళు సగం గోధుమపిండితో మొదలుపెట్టొచ్చు. అన్నం కుండ మాత్రం ఇంకా ఉంది. పిల్లలు వాళ్ళంతట వాళ్ళే కొంచెం తక్కువ పెట్టించుకుంటున్నారు, నాకదే చాలు.

ఇంట్లో ఎంత సర్దినా మా ఆయన షిఫ్టు ఎనిమిది గంటలు ఇంటి బయటే. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 250 మందికి మించి పనిచేసే చోట క్యాంటీన్ పెట్టించేలా నియమాలు చేసే అధికారాన్ని ప్రభుత్వాలకు ఇచ్చింది. క్యాంటీన్ నిర్వహణలో కార్మికుల ప్రతినిధులకు చోటిచ్చే దారి కూడా అందులోనే ఉండేది. క్యాంటీన్ కమిటీలో కూర్చునే అన్నలు చాయ్ ధర గురించి మాట్లాడేటప్పుడు గుడాల గురించి కూడా అడగాలి. నాలుగు గంటల చాయ్‌తో బోండాకు బదులు శనగ గుడాలు, నిమ్మచెక్క పెట్టిస్తే క్యాంటీన్‌కు పెద్ద ఖర్చేం కాదు. నూనె మిగులుతుంది, పొయ్యి దగ్గర నిలబడే వంటాయన పనీ తగ్గుతుంది. రాత్రి షిఫ్టుకు మాత్రం ఉల్లిపాయ తగ్గించి చేయమని చెప్పండి, తిని గంటలకొద్దీ మిషన్ ముందు నిలబడాలి.