ఏరేసిన గింజకు రెండో చూపు

మా సూర్యాపేట జిల్లాలో ఏటా రెండుసార్లు, వానాకాలం కోతలప్పుడూ యాసంగి కోతలప్పుడూ, అందరి కళ్లూ ఒక గ్యాడ్జెట్ మీదే ఉంటాయి. అది ఫోను కాదు, తేమ మిషన్. దాని చిన్న గిన్నెలో గుప్పెడు వడ్లు పోసి, మూత బిగించి, మీట నొక్కితే తెర మీద ఒక అంకె వెలుగుతుంది. 17 లేదా అంతకన్నా తక్కువ వస్తే కాంటా. ఎక్కువొస్తే మళ్లీ పట్టాల మీద ఆరబోత, మళ్లీ మొగులు వైపు చూపు.

కోదాడ దగ్గర ఒక ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రంలో కుప్ప పక్కనే కూర్చున్న ఓ పెద్దాయన నాతో అన్న మాట చాలా కాలంగా నన్ను వదలడం లేదు. "సెంటర్ల మిషన్ పదారున్నర సూపిచ్చింది. మిల్లు కాడి మిషన్ పద్దెనిమిది సూపిచ్చింది. వడ్లు అవే బిడ్డా. నడుమ లారీ ఎక్కి దిగినయి, గంతే." ఆ తేడా పేరు చెప్పి ఆయన వడ్లకు తరుగు తీశారు.

రెండు మిషన్లు రెండు మాటలు ఎందుకు చెప్తాయో చెప్పడం కష్టం కాదు. తేమ మిషన్ గింజలోని నీళ్లను నేరుగా కొలవదు. గింజల గుండా కరెంటు ఎంత తేలిగ్గా పోతోంది, లేదా గింజలు ఎంత విద్యుత్తును పట్టి ఉంచుతున్నాయి అని చూసి, దాన్నిబట్టి తేమ ఇంత ఉండొచ్చని అంచనా కడుతుంది. గింజ వెచ్చగా ఉంటే ఒక అంకె, చల్లగా ఉంటే ఇంకో అంకె. సన్నాలకు పెట్టాల్సిన సెట్టింగ్ దొడ్డు వడ్లకు పెడితే మరో అంకె. అసలు తేమ ఎంతో ఖాయంగా తెలియాలంటే తూచిన గింజల్ని ల్యాబ్‌లో వేడి ఓవెన్‌లో పెట్టి, నీరంతా పోయాక మళ్లీ తూచాలి. మిషన్లను అప్పుడప్పుడూ ఆ లెక్కతో సరిచూసి దిద్దాలి. దిద్దని మిషన్ కూడా దిద్దిన మిషన్ అంత ధీమాగానే అంకె చూపిస్తుంది.

ఒక్క శాతం తేడా అంటే ఏమిటో లెక్క వేద్దాం. 18 శాతం తేమ ఉన్న క్వింటా వడ్లు 17 శాతానికి ఆరితే 98 కిలోల 800 గ్రాములవుతాయి. అంటే క్వింటాకు కిలోంబావు దాకా తగ్గుతుంది. నాలుగెకరాల్లో వంద క్వింటాళ్లు పండించిన రైతుకు అది 120 కిలోలు. 2025-26లో ఏ గ్రేడు మద్దతు ధర క్వింటాకు 2,389 రూపాయలు కాబట్టి, 2,800 రూపాయల పైమాటే. మిషన్ తప్పు చూపించిందని ఆ రైతు రుజువు చేయలేడు. ఆయన దగ్గర ఓవెన్ ఉండదు. రెండో మిషనూ ఉండదు. లారీని వెనక్కి తిప్పుకునే తీరిక అసలే ఉండదు. కోసిన వడ్లు వానకు తడిస్తే మొత్తానికే మోసం.

మాది కోదాడ. కంప్యూటర్ సైన్సులో పరిశోధన చేస్తున్నాను. మనుషుల పేర్లను, భాషలను మిషన్లు ఎలా పోల్చుకుంటాయన్నది నా అంశం. ఇంటికొస్తే చుట్టాలు, దోస్తులు అడిగేది మాత్రం ఒకటే: "ఏ ఫోన్ కొనమంటవ్?" కెమెరా గురించి, బ్యాటరీ గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, బాగానే రాస్తున్నారు. నాకు ఆ పనిలో అంత ఆసక్తి లేదు. కొత్త వస్తువు ఏది చేతికొచ్చినా నేను ముందు చూసేది ఇది: తప్పు చేస్తే ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతుంది, ఎవరికి చెప్పుకోవాలి, దిద్దడానికి ఎన్నాళ్లు పడుతుంది? ఈ కొలత పెట్టుకుంటే ఇంటర్నెట్‌లో రేగిన గొడవల్లో ఏది పెద్దదో ఏది చిన్నదో తారుమారైపోతుంది.

2018 ఫిబ్రవరి గుర్తుందా? మన తెలుగు అక్షరం ఒకటి ఐఫోన్లను కుప్పకూల్చింది. జకారం, పొల్లు, ఞకారం, వాటి వెనక కంటికి కనిపించని ఒక సంకేతం, చివర దీర్ఘం. ఈ వరుసలో ఉన్న అక్షరం మెసేజీలో వస్తే ఆ యాప్ మూసుకుపోయేది. నోటిఫికేషన్‌గా వస్తే ఫోనే మొరాయించేది. మామూలుగా 'జ్ఞానం' అని టైపు చేస్తే ఏమీ కాదు, నడుమ ఆ కనిపించని సంకేతం ఉంటేనే ఇబ్బంది. నిజానికి అది మనకు రోజూ పనికొచ్చేదే. 'ఫోన్‌లో' అని రాసినప్పుడు నకారం కింద లకారం ఒత్తుగా కలిసిపోకుండా ఆపేది అదే. తెలుగు అక్షరాల్ని పేర్చే సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు ఆ వరుస ఎదురవుతుందని అనుకోలేదు. వార్త ప్రపంచమంతా పాకింది. వారంలోపే, ఫిబ్రవరి 19న, ఆపిల్ ఐఓఎస్ 11.2.6 పేరుతో దిద్దుబాటు పంపింది. చెప్పుకున్నవాళ్లు ఖరీదైన ఫోన్లున్నవాళ్లు, వాళ్ల మాట చేరాల్సినచోటికి రోజుల్లోనే చేరింది.

ఇంకో గొడవ మా సూర్యాపేట కన్నీళ్లతో ముడిపడింది. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణలో 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్, సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబు వీరమరణం పొందారు. అదే నెల 29న కేంద్రం టిక్‌టాక్‌తో కలిపి 59 చైనా యాప్‌లను నిషేధించింది. ఊళ్లో చాయ్ హోటళ్ల దగ్గర కూడా అప్పుడు ఒకటే చర్చ: మన సమాచారం ఎవరి సర్వర్లలో ఉంటోంది, దాంతో వాళ్లేం చేస్తున్నారు? ఆ ప్రశ్న సరైనది, రావాల్సింది. కానీ యాప్ ఫోన్‌లోంచి పోగానే ప్రశ్న కూడా పోయింది. జూలై 8న ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ మన దేశంలో మొదలైంది, వీడియోలు తీసేవాళ్లు అటు మళ్లారు. పౌరుల డిజిటల్ సమాచారం మీద పార్లమెంటు చట్టం చేసింది 2023 ఆగస్టులో.

అప్పటికే మన సమాచారంతోనే, మన రాష్ట్రంలోనే, ఇంకొకటి జరిగింది. దాని మీద చాయ్ హోటల్లో ఎవరూ మాట్లాడలేదు. ఎందుకంటే దానికి ఫోన్‌లో బొమ్మ లేదు, పేరు కూడా చాలామందికి తెలియదు. 'సమగ్ర వేదిక' అంటారు. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే జరిగిన రోజు పట్నాల నుంచి జనం బస్సులు కిక్కిరిసి ఊళ్లకు రావడం మనందరికీ గుర్తే. ఆ తర్వాతి ఏళ్లలో ప్రభుత్వం పలు శాఖల రికార్డుల్ని ఒకచోట చేర్చి, ఒకే మనిషికి సంబంధించినవి ఏవేవో సాఫ్ట్‌వేర్‌తో పోల్చి చూసింది. వాహనం ఎవరి పేరున ఉంది, ఇల్లు ఎవరిది, ఉద్యోగం ఎవరికి ఉంది అని చూసి రేషన్ కార్డుకు అర్హులు కానివాళ్లను ఏరేసే పని ఆ సాఫ్ట్‌వేర్‌కు అప్పజెప్పింది. ఆలోచన చెడ్డదని నేను అనను. కారున్నవాడు పేదల బియ్యం తినకూడదు. చిక్కంతా పోల్చడంలోనే ఉంది.

నా పరిశోధన ఇదే కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. మా ప్రాంతంలో సైదులు అనే పేరు ఎంతమందికి ఉందో బయటివాళ్లకు తెలియదు. పాలకవీడు మండలంలో జాన్‌పహాడ్ దర్గా ఉంది. మతం చూడకుండా అందరూ మొక్కుతారు. మొక్కు తీరి పుట్టినవాళ్లు సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి, సైదానాయక్. ఇటు సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద రెండేళ్లకోసారి లింగమంతుల స్వామి జాతర. ఆ దేవుడి పేరున లింగయ్యలు, లింగమ్మలు. ఒకే ఊళ్లో లింగయ్య కొడుకు సైదులు ఇద్దరు ముగ్గురు ఉండటం వింత కాదు. ఇంటిపేరు కూడా ఒకటే కావచ్చు, ఒకే వాడకట్టు అన్నదమ్ముల పిల్లలు కావచ్చు.

ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఒకరి ఆధార్‌లో సైదులు 'ఎస్ ఏ ఐ'తో మొదలవుతుంది, పాసుపుస్తకంలో 'ఎస్ వై'తో. ఓటరు కార్డులో 'డి' పక్కన 'హెచ్' చేరుతుంది. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట పొడి అక్షరం. అందుకని పోల్చే సాఫ్ట్‌వేర్ అక్షరం అక్షరం కలవాలని పట్టుబట్టదు. ఎంతవరకు పోలితే ఒకే మనిషి అనుకోవాలో ఒక హద్దు పెట్టుకుంటుంది. హద్దు సడలిస్తే ఇద్దరు సైదులు ఒకడైపోతారు, ఒకరి ట్రాక్టర్ ఇంకొకరి లెక్కలో పడుతుంది. హద్దు బిగిస్తే ఒకే సైదులు ముగ్గురవుతాడు, రెండు కార్డులున్నవాడు దొరక్కుండా పోతాడు. తప్పు అసలే లేని హద్దు ఉండదు. ఎటువైపు తప్పును ఓర్చుకోవాలన్నది మనుషులు నిర్ణయించాల్సిన విషయం. ఆ నిర్ణయం ఎవరు తీసుకున్నారో కార్డు పోయినవాళ్లకు ఎవరూ చెప్పలేదు.

హైదరాబాద్‌లో ఒక కుటుంబం సంగతి తర్వాత పత్రికల్లో వచ్చింది. రిక్షా తొక్కి బతికిన మనిషిని ఆ లెక్క కారు యజమానిగా చూపింది. కారు ఉన్నది దాదాపు అలాంటి పేరే ఉన్న మరొకరికి. నోటీసు ఇవ్వకుండా కార్డులు తీసేశారని సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. రద్దయిన దాదాపు 19 లక్షల కార్డుల్ని ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. ఆ ఏడాది జూలై దాకా చూసిన దరఖాస్తుల్లో నూటికి ఏడుకు పైగా అర్హులవే అని తేలింది. నూటికి ఏడు అంటే ల్యాబ్‌లో నాకు బాగానే ఉందనిపించే అంకె, పేపర్‌లో గర్వంగా రాసుకునే అంకె. రేషన్ షాపు ముందు సంచి పట్టుకుని నిలబడ్డ ఇంటికి మాత్రం నెలనెలా బియ్యం లేకపోవడం. ఐఫోన్ అక్షరాన్ని వారంలో దిద్దారు. ఇక్కడ ఏళ్లు పట్టింది, దేశంలోని అత్యున్నత న్యాయస్థానం దాకా పోవాల్సొచ్చింది.

ఇప్పుడు మిర్యాలగూడకు రండి. సాగర్ ఎడమ కాలువ నీళ్లు పారే ఆయకట్టు, వరుసగా రైస్ మిల్లులు. బియ్యంలో నల్లగింజ, పసుపుగింజ కనపడకుండా పోవడానికి కారణం మిల్లు పైఅంతస్తులో ఉండే సార్టెక్స్ మిషన్. దగ్గర నుంచి చూస్తే కళ్లు తిప్పుకోలేం. బియ్యం సన్నని గాడుల వెంట జారుతూ లైట్ల వెలుగులో పడుతుంది. రెండు వైపులా కెమెరాలు. ఒక గింజ రంగు తేడాగా ఉందనిపించగానే కింద ఉన్న చిన్న గొట్టం టక్కున గాలి వదులుతుంది. ఆ గింజ పక్కకు ఎగిరిపోతుంది. ఒక్కో గాలి దెబ్బ విడిగా వినిపించదు, వడగళ్లు రేకుల మీద పడ్డట్టు ఒకటే చప్పుడు. ఆధునిక కృత్రిమ మేధ గురించి సభల్లో మాట్లాడేవాళ్లను ఒకసారి ఇక్కడికి తీసుకురావాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

గాలి ఊదినప్పుడు చెడ్డ గింజ ఒక్కటే పోదు. దాని వెంటే జారుతున్న మంచి గింజలు కూడా ఎగిరిపోతాయి. ఈ సంగతి మిషన్ చేసినవాళ్లకు తెలుసు, మిల్లువాళ్లకూ తెలుసు. అందుకే ఏరేసిన గింజల్ని నేరుగా తవుడు కుప్పలో కలపరు. వాటిని ఇంకో గాడిలోకి మళ్లించి రెండోసారి కెమెరా ముందుకు పంపుతారు. అక్కడ మంచివని తేలినవి మళ్లీ బియ్యంలో కలుస్తాయి. ఆ రెండో గాడి అదనంగా తగిలించింది కాదు, మిషన్‌తోపాటే వస్తుంది. అది లేని మిషన్ తెస్తానంటే ఏ మిల్లు యజమానీ ఒప్పుకోడు, ఎందుకంటే పోయే ప్రతి గింజా ఆయన సొమ్ము.

ఒక బియ్యం గింజకు రెండో చూపు ఉన్నప్పుడు, ఆ బియ్యం తినాల్సిన ఇంటికి ఎందుకు లేదు? ఈ మాట నేను కోపంతోనే రాస్తున్నాను. ఇది సాంకేతికంగా కష్టమైన పని కాదు. కార్డు తీసేసే ముందు "ఫలానా బండి నంబరు మీ పేరున ఉందని కనిపిస్తోంది, నిజమేనా?" అని ఒక కాగితం ఇంటికి పంపడం. మిల్లు మిషన్ అంకె, కేంద్రం మిషన్ అంకె కలవకపోతే అదే గుప్పెడు వడ్లను మూడో మిషన్‌లో, రైతు ముందే, మళ్లీ చూడటం. ప్రతి కేంద్రంలో చీటీ మీద అంకెతో పాటు మిషన్ నంబరు, దాన్ని ఎప్పుడు సరిచూశారో ఆ తేదీ రాయడం.

2025 ఉగాది నాడు, మార్చి 30న, రేషన్‌లో సన్నబియ్యం పథకాన్ని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి మా జిల్లాలోని హుజూర్‌నగర్‌లోనే మొదలుపెట్టారు. జూలై 14న కొత్త రేషన్ కార్డుల పంపిణీ తిరుమలగిరిలో. ఏళ్లుగా ఎదురుచూసినవాళ్ల చేతికి కార్డులొచ్చాయి, సంతోషం. బియ్యం దొడ్డువి పోయి సన్నవి వచ్చాయి, అదీ సంతోషమే. నాకు తెలియాల్సింది, ఈ కొత్త కార్డుల్ని రేపు మళ్లీ సాఫ్ట్‌వేర్‌తో వడపోస్తే, ఎగిరిపోయిన సైదులు కార్డు వెళ్లి పడే రెండో గాడి ఎక్కడుందన్నది.

మీలో ఎవరి దరఖాస్తయినా కారణం చెప్పకుండా ఆగిపోయి ఉంటే, 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద తెల్ల కాగితం మీద అడగండి: నా పేరుకు ఏ రికార్డు జతపడింది, ఏ శాఖది, ఎవరు సరిచూశారు? 30 రోజుల్లో జవాబివ్వాలి. వచ్చిన జవాబు నకలు నాకూ ఒకటి పంపండి. రాకపోతే ఆ మాటైనా రాసి పంపండి. పేర్లు ఎక్కడెక్కడ తప్పుగా జతపడ్డాయో, ఎవరి పేర్లు ఎక్కువగా పడ్డాయో కూర్చుని లెక్కతీస్తాను.