చెంబు మీద సున్న

మా ఊళ్లో గిన్నెల కొట్టు అరుగు మీద ఒకాయన పీట వేసుకుని కూర్చునేవాడు. కొన్న బిందె మీద, కంచం మీద పేరు కొట్టించుకోవాలంటే ఆయన దగ్గరికే వెళ్లాలి. చీటీ మీద రాసిస్తే ఒకసారి పైకి చదువుకుని, బిందెను ఒళ్లో పెట్టుకుని, కరెంటు పెన్ను ఆన్ చేసేవాడు. ఆ రొదకు పళ్లు జివ్వుమనేవి. రాసేది కుడిచెయ్యే కదా అని నేనెప్పుడూ దాన్నే చూశాను. పెద్దయ్యాక కంప్యూటర్లో యంత్రభాగాలు గీసే ఉద్యోగంలో పడి, చాలాకాలానికి ఒక చెంబు నా చేతికొచ్చాక గానీ ఆయన ఎడమచెయ్యి ఏం చేసేదో గుర్తు రాలేదు.

చెంబు మా పిన్నిది. పోత ఇత్తడి, మందంగా ఉంటుంది. పొట్ట దాదాపు బంతే. అడ్డంగా కొలిస్తే 100 మిల్లీమీటర్లు. "శ్రావణమాసం లోపల దీని మీద వరలక్ష్మీ వ్రతం అని చెక్కించి పెట్టరా. పైన మామిడిపిందెల వరస కూడా ఉంటే బావుంటుంది. నువ్వు చేసే పనే కదా" అంది. నేను చేసే పని పంపుల బాడీల మీద పార్టు నంబర్లు వేయడం. అవి బల్లపరుపుగా ఉన్న చోటు వెతుక్కుని వేస్తాం. ఆ మాట పిన్నితో అనలేదు.

మొదటి పేచీ తెలుగుతోనే వచ్చింది. మా సాఫ్ట్‌వేర్లో 'లక్ష్మీ' అని కొడితే వత్తులు ఊడిపోయి, పొల్లులు తగిలించుకుని పక్కపక్కన నిలబడ్డాయి. దానికి అక్షరాలను వరసగా పేర్చడమే వచ్చు; ఒకదాని కింద ఒకటి వేలాడతాయని ఎవరూ చెప్పినట్టు లేదు. ఇంక్‌స్కేప్‌లో మండలి ఫాంటుతో రాసి, అక్షరాలను గీతలుగా మార్చి తెచ్చుకున్నాను. రాత పొడవు 80 మి.మీ., గుడి నుంచి వత్తు దాకా ఎత్తు 20.

దాన్ని చెంబుకు ఎదురుగా నిలబెట్టి, 1 మి.మీ. లోతుకు కట్ కొట్టాను. 'క్ష్మీ' పడింది. అటు 'వర', ఇటు 'వ్రతం' గాల్లో ఉండిపోయాయి. లెక్క వేస్తే తప్పు చెంబుది కాదని తేలింది. 50 వ్యాసార్ధమున్న గుండ్రం మీద 1 మి.మీ. లోతుకు నిటారుగా దిగే కత్తికి దొరికేది నడుమ 20 మి.మీ. వెడల్పే. రాత రెండు చివర్లు ఉన్నచోట చెంబు ఒళ్లు 20 మి.మీ. వెనక్కి వెళ్లిపోయి ఉంటుంది.

రెండోసారి ప్రొజెక్ట్ చేశాను, అంటే సినిమా బొమ్మను స్తంభం మీద వేసినట్టు. ఎదురుగా నిలబడి చూస్తే ముచ్చటగా ఉంది. తెర మీద చెంబును కొంచెం తిప్పాను. చివరి సున్న కోడిగుడ్డయింది! 80 మి.మీ. రాత చెంబు ఒంటి మీద సుమారు 93 మి.మీ.కు సాగింది. ఆ సాగుడంతా అందరికీ సమానంగా పంచలేదు. నడుమ అక్షరాలకు దాదాపు ఏమీ లేదు, అంచుకు పోయేకొద్దీ పెరిగి చిట్టచివర 1.67 రెట్లు. మొదటి 'వ'కు పొట్ట వచ్చింది, 'వ్ర'లో ఉన్న 'వ' మాత్రం మామూలుగానే ఉంది. అన్నదమ్ముల్లో ఒకడే పెళ్లి భోజనాలు తిన్నట్టు.

ఇంగ్లీషు పెద్దక్షరాలైతే ఇంత త్వరగా దొరికిపోయేవి కావు. నిలువు గీత కాస్త లావెక్కినా ఎవరు చూస్తారు? మన లిపి గుండ్రం. గంటం గీతకు తాటాకు చీలకుండా అలా రాశారంటారు. కారణం ఏదైనా, గుండ్రాన్ని కాస్త నొక్కితే కన్ను ఇట్టే పట్టేస్తుంది. 19వ శతాబ్దంలో టిస్సో అనే ఫ్రెంచి పండితుడు మ్యాపు ఎక్కడ ఎంత అబద్ధమాడుతోందో చెప్పడానికి దాని మీద చిన్న చిన్న వలయాల లెక్క పెట్టాడు. వలయం కోలగా మారిందంటే అక్కడ సాగిందన్నమాట. మనకు ఆ వలయం వర్ణమాలలోనే ఉంది.

ఇక మిగిలింది చుట్టడం. సాలిడ్‌వర్క్స్‌లో దీన్ని ర్యాప్ అంటారు, ఫ్యూజన్‌లో ఎంబాస్. డబ్బా మీద లేబుల్ అంటించినట్టు రాత పొడవు తరగదు, పెరగదు. 100 వ్యాసానికి చుట్టుకొలత 314, 80 మి.మీ. రాత అందులో పావు వంతు. సున్న సున్నలాగే ఉంది.

అయితే లేబుల్ డబ్బాకు అంటుతుంది, బంతికి అంటదు. బత్తాయి తొక్కను చీలకుండా బల్ల మీద పరచగలిగితే, దాని మీద రాయడమూ తేలికయ్యేది. సాగదీయకుండా, చింపకుండా అది కుదరదని గణిత పండితుడు గాస్ 1827లోనే తేల్చేశాడు. ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరైనా బంతి మీద చుట్టానంటే ఎక్కడో గుట్టుగా సాగదీసిందనే అర్థం. నేను అడిగేది ఎంత అని. పొట్ట నడుమ 20 మి.మీ. పట్టీలో ఆ తేడా అంచుల దగ్గర నూటికి రెండు. ఆ మాత్రం మామూలు గాస్‌గారికి ఇచ్చుకోవచ్చు. మామిడిపిందెలు కూర్చోవాల్సింది మాత్రం నడుమకు 30 మి.మీ. పైన. అక్కడ నూటికి ఇరవై. పిందెలు వక్కలవుతాయి.

దానికి దారి పల్లీల పొట్లంలో దొరికింది. చుట్టిన పొట్లాన్ని విప్పితే కాగితం మళ్లీ చదునవుతుంది, ఎక్కడా సాగదు. కానీ అందులో వార్త చదవాలంటే పొట్లాన్ని తిప్పుతూ మెడ కూడా తిప్పాలి. చదును మీద తిన్నగా ఉన్న వరస పొట్లమయ్యేసరికి ఏటవాలుగా పరిగెడుతుంది. (ఈ కాలమ్‌కు ఆ యోగం పట్టినప్పుడు మీరే చూద్దురు గాని.) కాబట్టి వరసను ముందే వంచి గీసుకోవాలి. చెంబు భుజానికి టోపీలా ఒక శంకువును తాకించాను. అక్కడ చెంబు వ్యాసార్ధం 40, టోపీ ఏటవాలు సుమారు 66.7. విప్పితే 216 డిగ్రీల విసనకర్ర. 18 పిందెలు, ఒక్కోదానికి 12 డిగ్రీలు. అన్నీ ఆ వంపు వెంబడి పేర్చి చుట్టేస్తే చెంబు చుట్టూ నిటారుగా నిలబడ్డాయి. ఆ రాత్రి నన్ను నేనే కాస్త మెచ్చుకున్నాను.

మర్నాడు బాలానగర్‌లో ఒక చిన్న వర్క్‌షాపుకి వెళ్లాను. అక్కడి ఆపరేటర్ తెర మీద నా మోడల్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, చెంబును రోటరీకి బిగించి, డయల్ గేజి ఆనించి మెల్లగా తిప్పాడు. ముల్లు 0.3 మి.మీ. ఊగింది.

"బొమ్మ మంచిగనే ఉంది సార్. చెంబే గుండ్రంగ లేదు."

నేను అడిగిన లోతు 0.4. ఒక పక్క 0.55 దిగుతుంది, ఎదుటి పక్క 0.25తో గీరి వదిలేస్తుంది. నేను గీసిన చెంబు కంప్యూటర్లోనే ఉంది. పిన్ని చెంబు ఏ పోతవాడి చేతిలోనో చల్లారిన చెంబు. అతను మరో మాట కూడా అన్నాడు. ఫాంటంటే అక్షరం చుట్టూ కట్టిన గట్టు, అలాగే చెక్కితే ప్రతి గీతా జంట గీతలవుతుంది, నడిమి గీత కావాలని. అక్కడే స్టూలు మీద కూర్చుని అక్షరం అక్షరానికీ నడిమి గీత గీశాను. 'క్ష్మీ' ఒక్కదానికే ఒక టీ అయింది.

అతను టూల్ పట్టుకునే, స్ప్రింగు ఉన్న హోల్డర్ తగిలించాడు. చెంబు ఒళ్లు ఎత్తుగా ఉంటే టూల్ వెనక్కి తగ్గుతుంది, పల్లంగా ఉంటే ముందుకొస్తుంది, లోతు మారదు. రాతలో అడ్డంగా పోవాల్సిన ప్రతి మిల్లీమీటరుకూ చెంబు 1.146 డిగ్రీలు తిరిగేట్టు లెక్క కట్టి మీట నొక్కాడు. టూల్ కిందికీ పైకీ తప్ప పక్కకు జరగడం లేదు. తిరిగేదంతా చెంబే.

అప్పుడు గుర్తొచ్చింది గిన్నెల కొట్టాయన ఎడమచెయ్యి. కుడిచెయ్యి మోకాలికి ఆనించి ఉండేది, పెన్ను దాదాపు కదిలేది కాదు. ఎడమచేత్తో బిందె మూతి పట్టుకుని, అక్షరానికి అక్షరం, కొంచెం కొంచెంగా తనవైపు తిప్పుకునేవాడు. సొట్ట దగ్గర ఆ మణికట్టే స్ప్రింగు. చీటీలో ఉన్నది చూసి రాసేవాడే గానీ కొలత వేసుకోవడం నేను చూడలేదు, పేరు పక్కకు పోవడమూ చూడలేదు.

చెంబు బాగా కుదిరింది. పిన్ని వేలితో పిందెలన్నీ లెక్కపెట్టుకుంది. వ్రతం నాడు వెళ్లేసరికి కలశం సిద్ధంగా ఉంది. మామిడాకులు, కొబ్బరికాయ మీద రవికగుడ్డ కోసుగా మడిచిన టోపీ (ఒక్క ముడత లేదు, ఏ లెక్కా వేయలేదు), వెండి ముఖం, మెడలో హారం. చెంబు చుట్టూ పట్టుచీర కట్టి కుచ్చెళ్లు ముందుకు పరిచింది. పిందెలూ లేవు, అక్షరాలూ లేవు. హారతి కళ్లకద్దుకుంటూ కుడిపక్కకు జరిగి చూశాను. చీర అంచు పక్క నుంచి సున్న ఒక్కటి కనిపించింది, గుండ్రంగా, గాడిలో పసుపు నిండి.